ఎర్రదొన ఏతాం

అనగనగా ఒక రాజు అని మొదలుపెడదామంటే ఈ కథలో రాజే లేడు. రాజు లేకుండా కథేమిటని మూతి ముడుచుకోకండి. ఆ రాజు లేకపోవడమే ఈ కథ. కాబట్టి అనగనగా ఒక కొండ అనుకుందాం.

ఆ కొండ పేరు ఎర్రదొన. ఎక్కడ చూసినా ఎర్రటి బండలు, ముళ్ళ పొదలు, మోకాలెత్తు గడ్డి. కొండ నడుమ నిట్టనిలువు రాళ్ళ మధ్య ఒక దొన ఉండేది. దొన అంటే తెలుసుగా, రాతిలో తనంతట తానే ఏర్పడ్డ నీళ్ళ గుంట. అడుగున ఊట ఉంది గనుక మండు వేసవిలో కూడా అది ఎండేది కాదు. కొండ మొత్తానికి ఆ నీళ్ళే దిక్కు. కానీ అందులోకి దిగాలంటే రెక్కలైనా ఉండాలి, తీగ పట్టుకుని వేలాడే చేతులైనా ఉండాలి. మిగతావాళ్ళందరికీ రాతిగోడ అడుగున ఉన్న తూమే గతి. ఆ తూముకొక రాతి మూత. మూత లేస్తే నీళ్ళు కాలువలోకి దూకి, కింద ఉన్న గుంటలన్నీ నింపుకుంటూ పోయేవి.

ఒకప్పుడు ఆ తూము దగ్గర ఒక చిరుతపులి మకాం వేసి, తనకు నచ్చినవాళ్ళకే నీళ్ళు వదిలేది. అది ముసలిదై కాలం చేశాక అందరూ హమ్మయ్య అనుకున్నారు. ఆ హమ్మయ్య ఎంతోసేపు నిలవలేదు. మర్నాడే తూము దగ్గర కొట్లాట! నేను ముందంటే నేను ముందని కొమ్ములు, కోరలు, గోళ్ళు అన్నీ బయటికొచ్చాయి.

అప్పుడు ఆ దారిన ఒక ముసలి ఏనుగమ్మ వచ్చింది. పల్లెల్లో పొలాల పక్కన చాలాకాలం ఉండి, అక్కడ రైతులు ఏతాంతో నీళ్ళు తోడడం కళ్ళారా చూసిన మనిషి ఆవిడ. మనిషంటే ఏనుగే లెండి, మాటవరసకన్నాను. ఆవిడ ఒక పొడుగాటి మాను తెచ్చి రాతిగోడ మీద అడ్డంగా పెట్టింది. మాను ఒక కొసను తూము మూతకు తీగతో కట్టించింది. రెండో కొసకు ఒక బుట్ట వేలాడదీసింది. బుట్టలో బరువు పడితే ఆ కొస దిగుతుంది, ఈ కొస లేస్తుంది, దాంతోపాటు మూతా లేస్తుంది. అదే ఎర్రదొన ఏతాం.

"మరి బరువేమిటమ్మా?" అని అడిగారు అందరూ.

"మీ మాటే బరువు," అంది ఏనుగమ్మ.

అని, పక్కనే ఉన్న చదునైన బండ మీద నిమ్మకాయంత గుంట ఒకటి తొలిచింది. దానికి కొలగుంట అని పేరు పెట్టింది. ఒక్కొక్కరూ వాగులోంచి ఒక్కొక్క రాయి తెచ్చి, అందరూ చూస్తుండగా ఆ గుంటలో పెట్టాలి. వదులూ బిగువూ లేకుండా సరిగ్గా కూర్చున్న రాయే చెల్లుతుంది. అడవిపందికీ ఒకటే రాయి, పూరేడు పిట్టకీ ఒకటే రాయి.

పద్ధతి చాలా తేలిక. పొద్దున్నే అందరూ బండ దగ్గరికి రావాలి. ఏం కావాలో, ఎందుకు కావాలో బండెక్కి చెప్పాలి. ఒప్పుకున్నవాళ్ళు తమ రాయి బుట్టలో వెయ్యాలి. సగం కన్నా ఎక్కువమంది రాళ్ళు పడితే బుట్ట దానంతటదే దిగుతుంది. ఎవరూ ఆజ్ఞ ఇవ్వక్కర్లేదు, ఎవరి కాళ్ళూ పట్టుకోనక్కర్లేదు. పని అయ్యాక ఎవరి రాయి వాళ్ళు తీసుకుపోవచ్చు. నీళ్ళు వదలాలన్నా, కాలువ మళ్ళించాలన్నా, కొండకు కొత్తగా వచ్చినవాళ్ళకు రాయి ఇవ్వాలన్నా ఇదే పద్ధతి. బుట్ట దిగితే ఔను, దిగకపోతే కాదు.

అందరికీ ఎంత నచ్చిందంటే, "నువ్వే మా రాణివి, ఇక్కడే ఉండిపో," అని ఏనుగమ్మ చుట్టూ మూగారు.

ఏనుగమ్మ నవ్వింది. "నేనుంటే ప్రతిదానికీ నన్నే అడుగుతారర్రా. నేను పోతేనే మీరు ఒకరినొకరు అడుగుతారు," అంది. తొండం ఊపుకుంటూ కొండ దిగి వెళ్ళిపోయింది. మళ్ళీ ఎవరికీ కనిపించలేదు.

ఇప్పుడు మన తొలకరి దగ్గరికి వద్దాం.

తొలకరి ఒక పూరేడు పిట్ట. గుప్పెడంత ఒళ్ళు, గడ్డి రంగు ఈకలు. కొండకు అట్టడుగున, కాలువ చివర ఉన్న చిన్న గుంట పక్కన గడ్డిలో ఆమె గూడు. పొద్దున్నే తన రాయిని రొమ్ముతో నెట్టుకుంటూ, ఆగి ఆయాసం తీర్చుకుంటూ, ఏతాం దాకా వచ్చేది. దారిలో కుందేలు బావ కనిపిస్తే, "ఏం మరదలా, రాయి నువ్వు నెడుతున్నావా, అది నిన్ను లాగుతోందా?" అని ఆటపట్టించేవాడు. అయినా చివరి ఎత్తు దగ్గర తనే ఒక కాలు వేసి సాయం చేసేవాడు. బుట్టలో తన రాయి పడి టక్కుమన్నప్పుడల్లా తొలకరికి భలే సంతోషంగా ఉండేది. ఆ చప్పుడు తనదీ, అడవిపంది మామదీ ఒక్కలాగే ఉండేది మరి.

కొన్నేళ్ళు బాగానే గడిచాయి. అన్నీ బాగా జరుగుతున్నప్పుడే కదా మనకు బద్ధకం వచ్చేది! వాళ్ళకీ వచ్చింది. "ఎలాగూ అందరూ వెళ్తారు, నేనొక్కణ్ణి పోకపోతే ఏం?" అని ఒకరు పడుకున్నారు. వాళ్ళను చూసి ఇంకొకరు పడుకున్నారు. రానివాళ్ళ రాయి పడదు. పడని రాయికి బరువు లేదు. దాంతో వచ్చినవాళ్ళు ఎంత నిలబడ్డా బుట్ట దిగేది కాదు. ఎండలో నిలబడి, తిట్టుకుంటూ ఇళ్ళకు పోయేవాళ్ళు.

అప్పుడు ముందుకొచ్చాడు కాటుకయ్య.

కాటుకయ్య కొండముచ్చు. ముఖమంతా కాటుక పూసినట్టు నలుపు, గిలక్కాయలాంటి కళ్ళు, మాటలో తేనె. బుట్టకు తీగలు పేనింది తానేనని అతనికి గొప్ప. అతని ఇల్లు దొనకు అవతలి పక్క నేరేడు తోపులో. అతను చెడ్డవాడేం కాదు, ముందే చెబుతున్నాను. చెడ్డవాడైతే కథ ఇంత దూరం వచ్చేదే కాదు.

"ఎందుకర్రా ఈ తంటా?" అన్నాడు కాటుకయ్య. "నా ఇల్లు పక్కనే. రాలేనివాళ్ళ రాళ్ళు నాకివ్వండి. మీ తరఫున నేనే వేస్తాను. మీరు హాయిగా పడుకోండి."

మొదట కుందేలు బావ ఇచ్చాడు. అతనికి పొద్దుటి నిద్ర ప్రాణం. తర్వాత అడవిపంది మామ ఇచ్చాడు. కాటుకయ్య అతనికి దోసిలి నిండా నేరేడు పళ్ళు పెట్టి, "ఊరికే ఉంచుకో మామా," అన్నాడు. పళ్ళు తిన్న నోటితో కాదనడం మామకు చేతకాలేదు. నెమలి దొర సంగతి వేరు. "మీ అంతటివారు రాయి మోసుకుంటూ రావడమా, చూసేవాళ్ళకే సిగ్గుగా ఉంది," అన్నాడు కాటుకయ్య. ఆ మాటతో నెమలి దొర తోక రెండు మూరలు పెరిగింది. వాళ్ళను చూసి దుప్పులు, ఉడుములు, పావురాలు, ఇలా చాలామంది తలా ఒక రాయి తెచ్చి తోపు గుమ్మంలో పడేసి చేతులు దులుపుకున్నారు.

తొలకరి మాత్రం ఇవ్వలేదు. "నా రాయి నాకు బరువేం కాదన్నా," అనేది.

ఆ ఏడు వేసవి మొదట్లో ఆమె గుడ్లు పెట్టింది. గూడు వదిలి కదిలితే గుడ్లు చల్లబడతాయి. కదలకపోతే రాయి వెయ్యడం కుదరదు. ఏం చెయ్యాలో తోచక కూర్చుంటే, కాటుకయ్యే వెతుక్కుంటూ దిగి వచ్చాడు.

"చెల్లెమ్మా, నీకెందుకు బెంగ? పిల్లలు లేచేదాకా నీ రాయి నా దగ్గరుంటుంది. నేను వేస్తాను. నీ గుంట నిండుతుంది."

ఆ మాటలో ఆ రోజుకి అబద్ధం లేదు. తొలకరి తన రాయిని చూసుకుంది, గుడ్లను చూసుకుంది. "పిల్లలు నడవగానే తీసేసుకుంటానన్నా," అని రాయి ఇచ్చేసింది.

కాటుకయ్య ఆ రాయి పట్టుకుపోయి తన కుప్పలో వేశాడు. ఎవరూ గమనించలేదు గానీ, ఆ కుప్ప కొండ మీది రాళ్ళలో సగం దాటడానికి అప్పటిదాకా ఒక్కటే తక్కువ. ఆ ఒక్కటీ ఇదే.

మొదట్లో కాటుకయ్య నిజంగానే రోజూ లేచి, రాళ్ళు వేసి, మూత లేపాడు. ఒకరోజు ఒళ్ళు బద్ధకించి ఆలస్యంగా లేచాడు. ఎవరూ ఏమీ అనలేదు. ఇంకోరోజు లేవనే లేదు. అప్పుడూ ఎవరూ ఏమీ అనలేదు. ఆ రోజు సాయంత్రం ఒక వింత చూశాడు. తూము మూసి ఉంటే దొన అంచుదాకా నిండి, పైనుంచి పొర్లి, అవతలి వాలుకు పారుతోంది. అవతలి వాలులో ఉన్నది అతని నేరేడు తోపు! చెట్ల మొదళ్ళు తడిసి, కొమ్మకొమ్మకీ పళ్ళు నల్లగా మెరుస్తున్నాయి.

"రెండ్రోజులు ఇలా ఉంటే ఏం మునిగిపోతుంది?" అనుకున్నాడు కాటుకయ్య. ఆ రెండ్రోజులు అలా అలా సాగిపోయాయి.

కింద గుంటల్లో నీళ్ళు తగ్గాయి. ముందు బురద కనిపించింది, తర్వాత ఆ బురద పెచ్చులు లేచింది. తొలకరి గుడ్లు పగిలి పిల్లలు బయటికొచ్చింది సరిగ్గా అప్పుడే. ఉసిరికాయంత పిల్లలు. పరుగెత్తడం వచ్చుగానీ ఎగరడం ఎక్కడొస్తుంది! వెళ్ళి ఎండిన గుంట అంచున నిలబడి, అమ్మ ముఖం చూసేవి.

తొలకరి దొనకు ఎగిరి వెళ్ళి, రొమ్ము ఈకలు తడుపుకుని, పరుగున వచ్చేది. పిల్లలు ఆ ఈకల్ని చప్పరించేవి. దారిలో ఎండకు సగం తడి ఆరిపోయేది. మిగిలింది ఒక పిల్లకు చాలితే ఇంకో పిల్లకు చాలేది కాదు. అందరికన్నా చిన్నది అప్పటికే కళ్ళు మూసుకుని, రెక్కలు వేలాడేసి, గడ్డికి ఆనుకుని కూర్చుంటోంది. తొలకరి గుండె చెరువైపోయింది.

ఆమె నేరుగా నేరేడు తోపుకు వెళ్ళింది.

"అన్నా, పిల్లలు లేచారు. నా రాయి నాకిచ్చెయ్యి."

కాటుకయ్య తల గోక్కున్నాడు. "ఇంత కుప్పలో నీదేదో ఎలా తెలుస్తుందమ్మా? అన్నీ ఒక్కలాగే ఉన్నాయి. ఇదిగో, పళ్ళు పట్టుకుపో."

"నా పిల్లలు పళ్ళు తినరన్నా. వాళ్ళకు నీళ్ళు కావాలి."

"పళ్ళు ముదరనీ. వదులుతాగా! అయినా నేనేం తప్పు చేశాను చెల్లెమ్మా? ఎవరి దగ్గరైనా లాక్కున్నానా? మీరిచ్చారు, నేను ఉంచుకున్నాను. ఏతాం పద్ధతి ఒక్క వెంట్రుకవాసైనా తప్పానేమో చెప్పు."

అతను చెప్పింది నిజమే. అందుకే ఆమెకు మరీ ఏడుపొచ్చింది.

అక్కణ్ణుంచి తాబేలు తాత దగ్గరికి వెళ్ళింది. కొండ మీద అందరికన్నా పెద్ద ఆయనే. "దీనికంతా ఒకటే మందు," అన్నాడు తాత. "ఏనుగమ్మను తీసుకురావాలి. కట్టినావిడే వచ్చి తీర్పు చెప్పాలి. నేనే వెళ్తాను." అని వెంటనే బయల్దేరాడు. ఆయన వెంటనే అంటే మీకు తెలుసుగా! మర్నాడు తొలకరి చూసేసరికి ఆయన ఇంకా రెండు పొదల అవతలే ఉన్నాడు.

ఇక మిగిలింది ఒకటే దారి. తొలకరి ఇల్లిల్లూ తిరిగింది. "రేపు పొద్దున్న బండ దగ్గరికి రండి. రాయి లేకపోయినా రండి. ఊరికే వచ్చి నిలబడండి చాలు," అని పేరుపేరునా బతిమాలింది. వాళ్ళకూ నాలుకలు పిడచకట్టుకుపోతున్నాయి. పళ్ళ రసంతో నోరు తడుస్తుంది గానీ దాహం తీరుతుందా? సరేనన్నారు.

తెల్లవారింది. ఎన్నాళ్ళ తర్వాతో బండ చుట్టూ కొండ మీది చాలామంది చేరారు. ఒకరినొకరు చూసుకుని, "నువ్వూ రావడం మానేశావా?" "నువ్వు వెళ్తున్నావనుకున్నానే!" అని ముక్కున వేలేసుకున్నారు. తాము మానేశాక మిగతావాళ్ళూ మానేశారని అప్పటిదాకా ఎవరికీ తెలియనే తెలియదు! తొలకరి పిల్లల్ని కూడా వెంటబెట్టుకొచ్చింది. చిన్నదాన్ని కుందేలు బావ వీపు మీద మోసుకొచ్చాడు.

కాటుకయ్య మాను మీద కూర్చుని కాళ్ళు ఊపుతున్నాడు. "మాట్లాడండి, వింటాను. కానీ పద్ధతి పద్ధతే. రాళ్ళు ఎవరి దగ్గరున్నాయో వాళ్ళదే మాట," అన్నాడు.

అడవిపంది మామకు ఒళ్ళు మండిపోయింది. "పద్ధతీ లేదు గాడిదగుడ్డూ లేదు!" అని కాలు నేలకేసి కొట్టాడు. "తొలకరీ, నువ్వు ఊఁ అను. నేనొక్కణ్ణి బుట్ట మీద కాలేసి తొక్కితే చాలు, మూత లేస్తుంది. నీ పిల్లలు ఇప్పుడే నీళ్ళు తాగుతారు."

అది నిజం. మామ అంత పనీ చెయ్యగలడు. తొలకరి చిన్నపిల్ల వైపు చూసింది. ఊఁ అనడానికి నోరు తెరిచింది కూడా. ఏ తల్లి అనకుండా ఉంటుంది చెప్పండి!

అంతలో ఆమెకు చిరుతపులి గుర్తొచ్చింది. అదీ బలంతోనే తూము దగ్గర కూర్చుంది. "మామా, నీ మనసు మంచిది," అంది తొలకరి. "కానీ ఇవాళ నా పిల్లల కోసం బుట్ట తొక్కితే, రేపు ఎవరు ఎవరి కోసం తొక్కుతారో! నీకన్నా పెద్ద కాలు ఉన్నవాడు రాడా? కాస్త ఆగు. పొద్దు నడినెత్తికి వచ్చేలోగా నా వల్ల కాకపోతే, నేనే నీ కాళ్ళ మీద పడి తొక్కమంటాను."

మామ గుర్రుమంటూనే ఆగాడు.

తొలకరి బండెక్కింది. అంతమందిలో ఆమె ఎవరికీ సరిగ్గా కనిపించలేదు. గొంతు మాత్రం అందరికీ వినిపించింది.

"తప్పు ఏతానిది కాదు. దానికి బరువు తెలుసు గానీ, ఆ బరువు ఎవరిదో తెలియదు. దానికి కళ్ళు లేవు. మనం రోజూ వచ్చి చూస్తుంటే మన కళ్ళే దానికి కళ్ళయ్యాయి. మనం రావడం మానేశాం, అది గుడ్డిదైపోయింది. తప్పంతా కాటుకయ్యది కూడా కాదు. నా రాయి నేనే ఇచ్చాను. మీవి మీరే ఇచ్చారు. ఇచ్చినప్పుడు అది వట్టి రాయనుకున్నాం. మన మాటను కూడా దాంతోపాటు ఇచ్చేశామని ఇప్పుడు, గుంట ఎండాక తెలిసింది."

నెమలి దొర తోక ముడుచుకుని నేల చూపులు చూశాడు.

తొలకరి బండ దిగి, ఎండిన వాగులోకి వెళ్ళింది. ఒక రాయిని రొమ్ముతో నెట్టుకుంటూ తెచ్చి, అందరూ చూస్తుండగా కొలగుంటలో పెట్టింది. అది పట్టలేదు, పెద్దదైపోయింది. మళ్ళీ వెళ్ళి ఇంకొకటి తెచ్చింది. అది గుంటలో గలగలలాడింది, చిన్నదైపోయింది. ఊపిరి అందడం లేదు. మూడోది తెచ్చి పెట్టింది. అది అచ్చంగా కొలిచినట్టు కూర్చుంది.

"చూశారుగా?" అంది తొలకరి.

"చూశాం!" అన్నాడు కుందేలు బావ. అంతే, ఒక్క గెంతులో వాగులోకి దూకి రాయి వెతకడం మొదలుపెట్టాడు. మామ మూతితో ఇసుక పెళ్ళగించాడు. దుప్పులు, ఉడుములు, పావురాలు, వాగంతా జాతరైపోయింది. నెమలి దొర కూడా తోక దుమ్ములో ఈడ్చుకుంటూ ముక్కుతో రాయి పట్టుకొచ్చాడు.

కాటుకయ్య మాను మీంచి దిగి వచ్చాడు. "ఇవన్నీ దొంగరాళ్ళు! అసలు రాళ్ళు నా దగ్గరున్నాయి," అన్నాడు.

"అన్నా, అవి కూడా మొదటిరోజు ఈ వాగులోంచి వచ్చినవే కదా," అంది తొలకరి. "ఈ గుంటలోనే పెట్టి, అందరం చూసి, ఔనన్నాం. మనం చూసి ఔనన్నాం గనుకే వాటికి విలువొచ్చింది. ఇవాళ అందరం మళ్ళీ చూస్తున్నాం. పాతవి చెల్లవు, కొత్తవి చెల్లుతాయి అని నా మాట. ఒప్పుకున్నవాళ్ళు బుట్టలో వెయ్యండి."

టక్కు. టక్కు. టక్కు. ఒక్కొక్క రాయి గుంటలో కూర్చుని, అందరి కళ్ళముందూ లేచి, బుట్టలో పడుతోంది. మాను కిర్రుమంది. బుట్ట కాస్త దిగింది. ఇంకాస్త దిగింది. అక్కడ ఆగిపోయింది.

తెచ్చినవాళ్ళందరి రాళ్ళూ పడిపోయాయి. అవతలి వాలులో పళ్ళు తింటూ కూర్చున్నవాళ్ళు కొందరు రానేలేదు. బుట్ట గాలిలో అలాగే వేలాడుతోంది. పొద్దు నడినెత్తికి వచ్చేసింది. మామ లేచి నిలబడి తొలకరి వైపు చూశాడు.

"ఆగండర్రా, వస్తున్నా, తోసుకోకండి!" అని వెనకనుంచి ఒక గొంతు వినిపించింది.

తాబేలు తాత! ఏనుగమ్మ కోసం బయల్దేరినవాడు ఇన్నాళ్ళకు చేరింది వాగు దాకానే. దవడ కింద ఒక రాయి పెట్టి నెట్టుకుంటూ వస్తున్నాడు. "ఏనుగమ్మ ఎక్కడుందో ఏమో గానీ, దారిలో ఆవిడ మాట గుర్తొచ్చింది. నేను పోతేనే మీరు ఒకరినొకరు అడుగుతారు అంది కదా. నన్నెవరూ అడగలేదు గానీ, నేనే వచ్చేశాను," అన్నాడు. నవ్వాలో ఏడవాలో తెలియక అందరూ దారి ఇచ్చారు. ఆయన రాయి గుంటలో సరిగ్గా కూర్చుంది. కుందేలు బావ దాన్ని బుట్టలో వేశాడు.

టక్కు.

బుట్ట దిగింది.

అదే క్షణంలో కాటుకయ్య చెయ్యి చాచి బుట్ట అంచు పట్టుకున్నాడు. రెండు గుప్పిళ్ళు తీసేస్తే చాలు, మూత మళ్ళీ పడిపోతుంది. అందరూ అతన్ని చూశారు. ఎవరూ అరవలేదు, ఎవరూ మీద పడలేదు. ఊరికే చూశారు, అంతే. గడ్డికి ఆనుకుని కూర్చున్న చిన్నపిల్ల కూడా ఒక కన్ను తెరిచి చూసింది. అంతమంది చూస్తుండగా అతని చెయ్యి ముందుకు సాగలేదు. మెల్లగా వెనక్కి తీసుకున్నాడు.

నీళ్ళొచ్చాయి! కాలువ నిండా బుసలు కొట్టుకుంటూ, ఎండుటాకుల్ని తోసుకుంటూ వచ్చాయి. తొలకరి చిన్నదాన్ని అంచుదాకా నెట్టుకెళ్ళింది. అది ముక్కు ముంచింది, తల పైకెత్తింది, మింగింది. మళ్ళీ ముంచింది. అప్పుడు తొలకరి ఏడ్చింది, అందరి ముందూ, సిగ్గుపడకుండా.

మర్నాడు పొద్దున్న అందరికన్నా ముందు బండ దగ్గరికి వచ్చింది ఎవరనుకున్నారు? కాటుకయ్యే. వాగులోంచి ఒక రాయి తెచ్చి, చేతిలో తిప్పుకుంటూ దూరంగా నిలబడ్డాడు. తొలకరే పిలిచింది. "రా అన్నా, కొలగుంటలో పెట్టు. నీకూ ఒకటుంది. ఒక్కటే."

ఆ రోజే ఇంకో మాట కూడా బండ మీద చెప్పి, బుట్టలో వేసి, ఖాయం చేసుకున్నారు. గుడ్ల మీద ఉన్నవాళ్ళు, జబ్బుపడ్డవాళ్ళు తమ రాయి ఇంకొకరికి ఇవ్వొచ్చు. కానీ బండ మీద అందరికీ చెప్పి ఇవ్వాలి. పొద్దుగూకేలోగా తిరిగి తీసుకోవాలి. తన రాయి కాక ఇంకొక్కరి రాయి తప్ప, అంతకు మించి ఎవరూ పట్టుకోకూడదు.

పాత రాళ్ళ కుప్పను కాటుకయ్య తానే మోసుకొచ్చి, కొండ కింద ఆ చిన్న గుంట చుట్టూ గట్టులా పేర్చాడు. పూరేడు పిల్లలు ఆ రాళ్ళ మీద నిలబడి, జారిపోకుండా నీళ్ళు తాగేవి. వాటిల్లో తన పాత రాయి ఏదో తొలకరి ఎప్పుడూ వెతకలేదు. పొద్దున్నే పిల్లల్ని వెంటబెట్టుకుని, కొత్త రాయిని నెట్టుకుంటూ ఏతాం దగ్గరికి వెళ్ళేది.

విన్నారుగా పిల్లలూ! రాజు లేని చోట ప్రతి ఒక్కరూ రావాలి, ప్రతి ఒక్కరూ చూడాలి. బద్ధకించి తన మాటను ఇంకొకరి చేతిలో వదిలేసినవాడు, తనకొక రాజును తానే తెచ్చిపెట్టుకుంటాడు.